గన్నేరు అంటే ఏ గన్నేరు? ఒకే పేరు మోస్తున్న అయిదు మొక్కల కథ

2024 మే నెలలో కేరళ నుంచి ఒక వార్త వచ్చింది. విదేశంలో ఉద్యోగానికి బయల్దేరిన ఒక యువ నర్సు, ఇంటి దగ్గర ఫోన్‌లో మాట్లాడుతూ పక్కనున్న గన్నేరు ఆకు తుంచి నమిలిందని, తర్వాత ఆరోగ్యం పాడై చనిపోయిందని, ఆ ఆకే కారణం అయి ఉండొచ్చని అనుమానిస్తున్నారని ఆ వార్త. కొద్ది రోజుల్లోనే అక్కడి గుళ్ళ నిర్వహణ చూసే తిరువాంకూరు దేవస్వం బోర్డు, మలబార్ దేవస్వం బోర్డు నైవేద్యంలోనూ ప్రసాదంలోనూ అరళి పూలు వాడొద్దని నిర్ణయించాయి. మలయాళంలో అరళి అంటే మన గన్నేరే.

ఇక ఫార్వర్డులు మొదలయ్యాయి. "గన్నేరు ప్రాణం తీస్తుంది, వెంటనే కొట్టేయండి" అని రాసి, కింద దేవగన్నేరు ఫోటో. ఇంకొకరు అదే మాట రాసి పచ్చగన్నేరు ఫోటో పెట్టారు. ఆ గోల సద్దుమణగకముందే "గన్నేరు ఆకులో కాన్సర్‌కు మందు ఉంది" అని మరో మెసేజ్, దానికి బిళ్ళగన్నేరు ఫోటో. ఒకే మొక్క ప్రాణం తీస్తుందంటారు, ప్రాణం పోస్తుందంటారు, ఫోటోలేమో మూడు రకాలు. చదివినవాళ్ళకు టెన్షన్ రాక ఏమవుతుంది?

నిజానికి ఆ మెసేజుల్లో అబద్ధం తక్కువ, కలగాపులగం ఎక్కువ. ఒక మొక్క విషాన్ని ఇంకో మొక్కకు అంటగట్టి, ఒక మొక్క గొప్పతనాన్ని మరో మొక్కకు కట్టబెట్టారు. దానికి మూలం మన భాషలోని ఒక చిన్న అలవాటు.

పేరు ఒకటైతే మొక్క ఒకటేనా?

కొత్త మొక్క ఒకటి ఊళ్ళోకి వస్తే తెలుగువాళ్ళు దానికి కొత్త పేరు వెతుక్కోరు. తెలిసిన మొక్కల్లో దేన్ని పోలి ఉందో చూసి, ముందు ఒక మాట తగిలిస్తారు. సీమచింత అలా వచ్చిందే, నేలవేము అలా వచ్చిందే. సీమచింతకూ చింతకూ దగ్గరి చుట్టరికం లేదు. నేలవేము చేదుగా ఉంటుంది కాబట్టి వేము అయింది గానీ వేపతో దానికి బొత్తిగా సంబంధం లేదు. అలాగని ఈ పేర్లన్నీ తప్పని కొట్టిపారేయలేం కూడా. నేల ఉసిరి, ఉసిరి నిజంగానే దగ్గరి బంధువులు, ఒకటి గడ్డిలో కలిసిపోయే చిన్న మొక్క, ఇంకొకటి చెట్టు అయినా సరే.

ఆ దగ్గరితనాన్ని కొలవడానికి వృక్షశాస్త్రంలో మూడు మాటలున్నాయి. జాతి అంటే ఒకే రకం మొక్కల గుంపు. బాగా దగ్గరి జాతులన్నీ కలిస్తే ప్రజాతి, బడిలో వృక్షశాస్త్రం పాఠంలో చదువుకున్న మాటే. కొన్ని ప్రజాతులు కలిస్తే కుటుంబం. ఉసిరి, నేల ఉసిరి ఒకే ప్రజాతి. చింత, సీమచింత కుటుంబం వరకే కలుస్తాయి.

మన గన్నేర్లు ఎక్కడ కలుస్తాయి? కుటుంబం దగ్గర మాత్రమే. అన్నీ అపోసైనేసి అనే కుటుంబానికి చెందినవే. నందివర్ధనం, జిల్లేడు, సర్పగంధి కూడా ఈ కుటుంబానివే, కాబట్టి ఇదేమీ చిన్న ఇల్లు కాదు, ఇందులో దాదాపు 400 ప్రజాతులున్నాయి. ప్రజాతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు నాలుగూ నాలుగు దార్లు. వీటితోపాటు ఇప్పుడు కుండీల్లో విరివిగా కనిపించే అడీనియం ఉంది. ఎడారి గులాబి అని కూడా అంటారు, పూలు గన్నేరును పోలి ఉండటంతో చాలామంది దాన్నీ గన్నేరు లెక్కలోనే వేస్తారు. దాంతో అయిదు.

అసలు గన్నేరు: నీరియం

ముందు మాటేదీ లేకుండా ఉత్త గన్నేరు అంటే నీరియం ప్రజాతి. దీన్ని పెద్ద పొద అనొచ్చు, చిన్న చెట్టు అనొచ్చు. మొదట్లోంచే చాలా కొమ్మలు వేస్తుంది, కత్తిరించకుండా వదిలేస్తే రెండు మనుషుల ఎత్తు దాటుతుంది. మధ్యధరా సముద్ర తీరం నుంచి మన దేశం మీదుగా చైనాలోని యునాన్ వరకు దీని సహజ నివాసం. ఎండిన వాగుల్లో, రాళ్ళ మధ్య తనంతట తాను పెరిగే మొక్క ఇది. నీరియం అనే పేరు కూడా తడి, నీరు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిందంటారు.

దీన్ని గుర్తుపట్టడానికి నాకు తెలిసి పువ్వు కన్నా ఆకే నమ్మకం. కొమ్మ మీద ఒకే చోట మూడేసి ఆకులు గుండ్రంగా పుడతాయి. అక్కడక్కడా రెండో నాలుగో ఉన్నా, కొమ్మంతా వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ వెళ్తే మూడే ఎక్కువసార్లు వస్తుంది. ఆకు సన్నగా పొడుగ్గా, తోలులా మందంగా ఉంటుంది, మధ్య ఈనె లేత రంగులో ఉబ్బి ఉంటుంది. వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే ఆ ఈనె నుంచి రెండు పక్కలకీ దువ్వెన పళ్ళలా దగ్గర దగ్గరగా సన్నని గీతలు కనిపిస్తాయి. ఆకు అడుగున కంటికి ఆనని చిన్న చిన్న గుంటలుంటాయి, వాటిలో నూగు ఉంటుంది, గాలి పీల్చే రంధ్రాలు ఆ గుంటల అడుగున దాక్కుంటాయి. నీళ్ళు తేలిగ్గా ఆవిరైపోకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది. వృక్షశాస్త్రం చదివినవాళ్ళు ఈ ఆకును అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద చూసే ఉంటారు, ఎడారి తరహా ఆకుకు పాఠాల్లో ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇదే.

కాయ ఇంకా మంచి గుర్తు. జానెడు లోపు పొడవున్న సన్నని కాయ, ఎండాక నిలువునా రెండుగా చీలుతుంది. లోపల గోధుమరంగు గింజలు, ఒక్కో గింజకూ కుచ్చులాంటి నూగు. అరచేతిలో పోసుకుని ఊదితే ఎగిరిపోతాయి. ఈ మాట ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నానంటే, మనం వార్తల్లో చదివే "గన్నేరు పప్పు" ఈ మొక్కది కాదు. నూగు గింజల్లో పప్పు ఎక్కడుంటుంది? ఆ పప్పు పచ్చగన్నేరుది. అంటే మన భాషలో బాగా పాతుకుపోయిన ఆ మాటలోనే రెండు ప్రజాతులు కలిసిపోయాయి.

ఈ ప్రజాతిలో ఎన్ని జాతులున్నాయన్న దాని మీద కూడా చాలాకాలం భిన్నాభిప్రాయాలున్నాయి. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో నీరియం ఓలియాండర్ అని పేరు పెట్టాడు. తర్వాత కొందరు, తూర్పున దొరికే మొక్కలకు మంచి వాసన ఉంది, మధ్యధరా మొక్కలకు లేదు, కాబట్టి ఇవి వేరే జాతి అని నీరియం ఇండికం, నీరియం ఒడోరం అని విడదీశారు. పాత పుస్తకాల్లో, ఆయుర్వేద రచనల్లో ఇప్పటికీ ఆ పేర్లు కనిపిస్తాయి. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేది ఒకే జాతి అని, వాసనా రంగూ దాని లోపలి తేడాలేనని. మొత్తం ప్రజాతికి ఒక్కటే జాతి. పాత పుస్తకంలో ఇండికం అని, కొత్త పుస్తకంలో ఓలియాండర్ అని చూసి ఇవి రెండు మొక్కలనుకోవక్కర్లేదు.

మిగతా నాలుగూ ఎక్కడివి?

పచ్చగన్నేరు, దేవగన్నేరు రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. మెక్సికో, మధ్య అమెరికా వాటి పుట్టిల్లు. దేవగన్నేరు ఎన్నో తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగినట్టు కనిపిస్తుంది గానీ, కొలంబస్ ప్రయాణాల తర్వాతే అది సముద్రం దాటింది. బిళ్ళగన్నేరు మడగాస్కర్ దీవి నుంచి వచ్చింది. అడీనియం ఆఫ్రికా, అరేబియా ఎడారులది. అయిదింటిలో మన నేలకు పాత చుట్టం నీరియం ఒక్కటే. మిగతావి వచ్చాక పసుపు పువ్వుదానికి పచ్చ అని, ఇంకోదానికి దేవ అని, మరోదానికి బిళ్ళ అని తగిలించుకుని పనికానిచ్చారు మనవాళ్ళు.

దేవగన్నేరు శాస్త్రీయంగా ప్లుమేరియా. 17వ శతాబ్దపు ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు షార్ల్ ప్లుమియే పేరు మీద పెట్టిన ప్రజాతి. కొమ్మలు లావుగా వేళ్ళలా మొండిగా ఉంటాయి, ఆకులు పెద్దవి, కొమ్మ చివర గుత్తిగా వస్తాయి. విరిస్తే చిక్కటి తెల్లటి పాలు ధారగా కారతాయి. దాని వాసన రాత్రిపూట ఎక్కువ, ఎందుకంటే పెద్ద రెక్కల చిమ్మటలను పిలవడానికే ఆ వాసన. పాపం ఆ చిమ్మటలు తేనె కోసం పువ్వు నుంచి పువ్వుకు తిరిగి పుప్పొడి మోసిపెడతాయి, తీరా చూస్తే ఏ పువ్వులోనూ తేనె ఉండదు.

పచ్చగన్నేరు పేరు చాలాకాలం తెవీషియా. ఇప్పుడు కాస్కబెలా అంటున్నారు. విచిత్రం ఏమిటంటే ఈ గన్నేర్లను కలిపేసిన పాపం మనది మాత్రమే కాదు. దీనికి ఒకప్పుడు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు తెవీషియా నీరిఫోలియా, అంటే నీరియం లాంటి ఆకులున్నది అని. ఆ పేరు నుంచే దీనిలోని ఒక విషానికి నీరిఫోలిన్ అని పేరొచ్చింది. పేరు విన్నవాళ్ళు అది నీరియంలో దొరికిందే అనుకుంటారు.

పసుపు పువ్వు కనిపిస్తే పచ్చగన్నేరేనా?

ఒక ఉదాహరణ తీసుకుందాం. గోడ పక్కన ఒక పొద ఉంది, లేత పసుపు పూలు పూసింది. పచ్చగన్నేరు అనేస్తాం. కానీ నీరియంలో లేత పసుపు పూసే రకాలున్నాయి, పచ్చగన్నేరులో తెల్లవీ నారింజవీ పూసే రకాలున్నాయి. రంగు దగ్గరే ఆగితే తప్పు చేసే అవకాశం ఎక్కువ.

దగ్గరికి వెళ్ళి ఆకు చూస్తే, ఒకే చోట మూడు లేవు, ఒక్కొక్కటిగా కొమ్మ చుట్టూ మెలికగా వచ్చాయి, పల్చగా మెరుస్తున్నాయి. అప్పుడు పచ్చగన్నేరు వైపు మొగ్గొచ్చు. పువ్వులో చూస్తే రేకులు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని గరాటులా ఉన్నాయి, పూర్తిగా విచ్చుకోలేదు. నీరియం అయితే పువ్వు బాగా విచ్చుకుని, మధ్యలో గొంతు దగ్గర చీలికలు చీలికలుగా ఒక చిన్న కుచ్చు కనిపించేది. చివరగా కింద చూస్తే ఆకుపచ్చ కాయలు, ఇంచుమించు మూడు పలకలుగా ఉన్నవి, కొన్ని పండి నల్లబడినవి. లోపల గట్టి టెంక. ఇక అనుమానం లేదు. నీరియంకు కండ ఉన్న కాయ కాయదు.

బిళ్ళగన్నేరుతో ఈ తిప్పలు ఉండవు. మోకాలి ఎత్తు మొక్క, ఆకులు ఎదురెదురుగా జంటలుగా, పువ్వు బిళ్ళలా చదునుగా. అడీనియంకు మొదలు దుంపలా ఉబ్బి ఉంటుంది, అదే దాని అందం.

ఈ విషం చేసే పని ఏమిటి?

అయిదింటిలో మూడు, అంటే నీరియం, పచ్చగన్నేరు, అడీనియం, గుండె మీద పనిచేసే ఒకే తరహా విషాలను తయారుచేస్తాయి. నీరియంలో ప్రధానమైనది ఓలియాండ్రిన్. పచ్చగన్నేరులో థెవెటిన్లు, పెరువోసైడ్ లాంటివి. అడీనియం రసాన్ని ఆఫ్రికాలో బాణాల కొసలకు పూసేవారు. వీటన్నిటినీ కలిపి కార్డియాక్ గ్లైకోసైడ్లు అంటారు.

మన గుండె కండరంలోని ప్రతి కణం గోడలోనూ చిన్న చిన్న పంపులుంటాయి. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతాయి. ఈ విషం వెళ్ళి ఆ పంపుకు అడ్డుపడుతుంది. సోడియం లోపలే పేరుకుంటుంది. అలా పేరుకున్నప్పుడు కణం లోపలి కాల్షియం బయటికి వెళ్ళే దారి కూడా మందగిస్తుంది, ఎందుకంటే ఆ కాల్షియం బయటికి పోవడానికి కణం లోపలికీ బయటికీ మధ్య ఉన్న సోడియం తేడా మీదే ఆధారపడుతుంది. కాల్షియం పెరిగితే గుండె గట్టిగా కొట్టుకుంటుంది. వినడానికి మంచిదే అనిపిస్తుంది. కానీ లయ దెబ్బతింటుంది, కొట్టుకునే వేగం పడిపోవచ్చు, గతి తప్పవచ్చు, ఈలోగా రక్తంలో పొటాషియం పెరుగుతుంది. ముందుగా కనిపించేది మాత్రం గుండె కాదు, కడుపు: వాంతులు, నొప్పి, విరేచనాలు. అందుకే మొదట్లో ఏదో పడలేదనుకుని తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది.

ఇదే పంపును ఆపి గుండె జబ్బుకు మందుగా పనిచేసేది డిగాక్సిన్. ఫాక్స్‌గ్లవ్ అనే వేరే కుటుంబపు మొక్క నుంచి వచ్చింది. 1785లో విలియం విదరింగ్ అనే ఇంగ్లీషు డాక్టర్ ఆ మొక్క వాడకం గురించి రాశాడు. మందుకూ విషానికీ మధ్య గీత ఇక్కడ చాలా సన్నం, డిగాక్సిన్ వాడేవాళ్ళకు మోతాదును అంత జాగ్రత్తగా చూసేది అందుకే. ఆకులో అయితే ఆ గీత ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు, మొక్కను బట్టి, కాలాన్ని బట్టి విషం మారుతుంది.

చికిత్స విషయంలో పచ్చగన్నేరు మీద ఎక్కువ తెలిసింది శ్రీలంక నుంచి, అక్కడ ఈ కేసులు ఎక్కువ కాబట్టి. డిగాక్సిన్‌ను పట్టుకునే యాంటీబాడీలు ఈ విషాన్ని కూడా పట్టుకుంటాయని 2000లో అక్కడి పరీక్ష చూపించింది, అయితే అవి బాగా ఖరీదైనవి. విషాన్ని కడుపులోనే పీల్చుకునే బొగ్గుపొడిని మళ్ళీ మళ్ళీ ఇస్తే మరణాలు తగ్గాయని 2003లో ఒక పరీక్ష చెప్పింది. 2008లో 4,600 మందికి పైగా మీద జరిగిన ఇంకో పెద్ద పరీక్షలో, పచ్చగన్నేరుతో పాటు ఇతర విషాల కేసులు కూడా కలిసి ఉన్నదాంట్లో, అలాంటి తేడా కనిపించలేదు. డాక్టర్ల మధ్య ఈ చర్చ అందుకే నడుస్తోంది.

మరి భయపడాలా, వద్దా?

ఒక వాదన ప్రకారం గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే, ఎండినా ఉడికించినా పోదు, కాబట్టి మనుషులు తిరిగే చోట ఉండకూడదు. దీనికి పాత సాక్ష్యమూ ఉంది. సంస్కృతంలో గన్నేరుకు కరవీరంతో పాటు అశ్వమారకం, హయమారకం అనే పేర్లున్నాయి, గుర్రాన్ని చంపేది అని అర్థం. పూర్వం వాళ్ళు ఊరికే పెట్టలేదు ఆ పేరు.

రెండో వాదన లెక్కలు చూపిస్తుంది. అమెరికాలో 2002లో విషాల సమాచార కేంద్రాలకు గన్నేరు గురించి 847 కేసులు వచ్చాయి. 1985 నుంచి 2005 వరకు అక్కడ నమోదైన మరణాలు మూడు. ఇంటింటా, రోడ్డు రోడ్డునా ఉన్న మొక్కకు ఇది చాలా తక్కువ సంఖ్య.

ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు రావని నా అభిప్రాయం. ఆ 847లో ఎక్కువ భాగం పిల్లవాడు ఆకు నోట్లో పెట్టుకోవడం లాంటివి అయి ఉంటాయి. గన్నేరు భరించలేనంత చేదు, ఉమ్మేస్తారు, మింగినా వాంతి అవుతుంది. ఆ చేదు ఒక కాపలా. ఆ కాపలా లేకుండా పోయే సందర్భాలే అసలు ప్రమాదం. కషాయం కాచి మందనుకుని బలవంతంగా తాగినప్పుడు, పొరపాటున వేరే ఆకు అనుకుని వాడినప్పుడు. పశువుల విషయం ఇంకా స్పష్టం. పచ్చి గన్నేరును మేక కూడా ముట్టదు. కత్తిరించి పడేసిన కొమ్మలు ఎండితే చేదు తగ్గుతుంది, విషం మాత్రం అలాగే ఉంటుంది, గడ్డిలో కలిసిపోతే పశువు తినేస్తుంది. చెట్టు నిలబడి ఉన్నప్పటి కన్నా కొట్టి పడేశాకే పశువుకు ముప్పు ఎక్కువన్నమాట. "వెంటనే కొట్టేయండి" అన్న ఫార్వర్డు చదివి కొట్టేసి కొమ్మల్ని దొడ్లో పడేసేవాళ్ళకు ఈ సంగతి ఎవరు చెబుతారు?

కేరళ బోర్డులు కూడా ఆ పువ్వును నోట్లోకి వెళ్ళేవాటి నుంచి తప్పించాయి, మొక్కను నరికించలేదు. భయాన్ని సరైన చోట పెట్టడమంటే ఇదే అనిపించింది నాకు.

భయం ఎక్కువైతే పుట్టే కథలకు ఒక మంచి నమూనా ఉంది. నెపోలియన్ కాలంలో స్పెయిన్‌లో సైనికులు గన్నేరు పుల్లలకు మాంసం గుచ్చి కాల్చుకుని తిని చనిపోయారని ఒక కథ. దేశం మారినప్పుడల్లా సైనికులు పోయి పిల్లలు వస్తారు, పిల్లలు పోయి విహారానికి వెళ్ళిన కుటుంబం వస్తుంది, పుల్ల మాత్రం గన్నేరుదే. ఇద్దరు అమెరికన్ పరిశోధకులు దీన్ని తేల్చుకుందామని గన్నేరు పుల్లలకు సాసేజీలు గుచ్చి కాల్చి, వాటిలో ఓలియాండ్రిన్ ఎంత చేరిందో కొలిచారు. 2009లో అచ్చయిన ఆ ఫలితం ప్రకారం చేరింది లెక్కలోకి రానంత తక్కువ. గన్నేరు విషం నిజం, పుల్ల కథ మాత్రం నిలబడలేదు.

కాన్సర్ మందు ఏ గన్నేరుది?

1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే ఇద్దరు పరిశోధకులు జమైకా నుంచి వచ్చిన ఆకుల్ని పరీక్షించారు. అక్కడ వాటిని చక్కెర వ్యాధికి వాడతారని విన్నారు. చక్కెర తగ్గలేదు గానీ, ప్రయోగంలోని జంతువుల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరగడమే కదా రక్త కాన్సర్. ఆ దారిలో వెళ్తే దొరికింది విన్‌బ్లాస్టిన్, తర్వాత విన్‌క్రిస్టిన్. పిల్లల రక్త కాన్సర్ చికిత్సలో విన్‌క్రిస్టిన్ ఈనాటికీ ఉంది. ఆ ఆకు బిళ్ళగన్నేరుది. అప్పట్లో దాని పేరు వింకా రోజియా, మందుల పేర్లలో మొదటి "విన్" అక్కడిదే. ఇప్పుడు ఆ మొక్కను కాథరాంథస్ ప్రజాతిలోకి మార్చారు, మందుల పేర్లు మాత్రం పాత ప్రజాతినే గుర్తుచేస్తున్నాయి.

దీన్ని చదివి ఎవరైనా బిళ్ళగన్నేరు ఆకు నమిలితే లాభం ఉందా? ఒక గ్రాము మందు కోసం వందల కిలోల ఎండుటాకు కావాలి, దాన్ని శుద్ధి చేసి రక్తనాళంలోకి కొలిచి ఎక్కిస్తారు. ఉత్త ఆకులో మందు అంతంతే, దాంతోపాటు ఆల్కలాయిడ్లు అనే మొక్కల రసాయనాలు వేరేవి డజన్ల కొద్దీ ఉంటాయి.

ఇక నీరియం రసం మీద కూడా కాన్సర్ ప్రయోగాలు జరిగిన మాట వాస్తవం. తొలి దశ పరీక్షలు చేశారు, ఆమోదం పొందిన మందు మాత్రం రాలేదు. 2020లో కోవిడ్‌కు ఓలియాండ్రిన్ పనిచేస్తుందని అమెరికాలో కొందరు ప్రచారం చేశారు, దాన్ని ఆహార అనుబంధంగా అమ్ముకోవడానికి అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు. ఆయుర్వేదం కరవీరాన్ని మందుల్లో చేర్చింది, నిజమే, కానీ దాన్ని ఉపవిషాల జాబితాలో పెట్టి, శోధన, అంటే శుద్ధి, చేయకుండా వాడకూడదని చెప్పింది. "ఆయుర్వేదంలో ఉంది" అని ఫార్వర్డు చేసేవాళ్ళు ఈ రెండో సగం వదిలేస్తారు. బిళ్ళగన్నేరు పేరు చూసి నీరియం కషాయం కాచుకునేవాడికి ఆ సగం తెలియకపోవడమే ప్రాణాంతకం.

ఇంత విషమైనదాన్ని రోడ్ల మధ్య ఎందుకు నాటుతారు?

విషమైనది కాబట్టే, కొంతవరకు. పశువులు తినవు. నీళ్ళు లేకపోయినా బతుకుతుంది, పొగను, దుమ్మును, వేడిని తట్టుకుంటుంది, గుబురుగా పెరిగి ఎదుటి వాహనాల లైట్లు కళ్ళల్లో పడకుండా ఆపుతుంది, ఎండాకాలంలో కూడా పూస్తుంది. ఇన్ని గుణాలున్న పొద ఇంకోటి చూపించమంటే కష్టం. 1945లో అణుబాంబు పడ్డాక హిరోషిమాలో ముందుగా పూసిన వాటిలో ఇదొకటి, తర్వాత ఆ నగరం దీన్ని తమ నగర పుష్పంగా ఎంచుకుంది.

వద్దనేవాళ్ళ మాటలోనూ బలముంది. కత్తిరించిన కొమ్మలు రోడ్డు పక్కనే వదిలేస్తారు. పువ్వులో తేనె లేదు కాబట్టి తేనెటీగలకు పెద్దగా ఉపయోగపడదు. అంతటా ఒకే మొక్క నాటితే రోగం వస్తే అన్నీ పోతాయి. కాలిఫోర్నియాలో అదే జరిగింది, 1990ల నుంచి జైలెల్లా అనే బాక్టీరియా పురుగుల ద్వారా పాకి రోడ్ల వెంట గన్నేర్లను మాడ్చేసింది.

అయితే దేనికీ పనికిరాదని మాత్రం అనలేం. నల్ల రెక్కలకు తెల్ల చుక్కల అంచున్న ఒక సీతాకోకచిలుక గొంగళి ఈ ఆకు తిని పెరుగుతుంది. దాని ప్యూపా ఆకు అడుగున వేలాడుతూ, అద్దం ముక్కలా వెండి రంగులో తళతళలాడుతుంది. ఒకసారి చూశాక గన్నేరు పొద పక్కన నడుస్తూ ఆకు తిప్పి చూడకుండా ఉండటం కష్టం.

పెరట్లో ఉన్నది ఏదైతే ఏమిటి?

మొదట్లో చెప్పిన ఫార్వర్డు దగ్గరికి వద్దాం. మూడు ఇళ్ళు అనుకోండి.

మొదటి ఇంట్లో దేవగన్నేరు. లావు కొమ్మలు, తెల్లటి పాలు. నీరియం చేసిన నేరానికి దీన్ని నరకబోతున్నారు. దీని పాలు చర్మానికి, కంటికి మంటపుడతాయి, తింటే కడుపుకు పడదు, కానీ గుండె విషాలకు పేరుపడ్డ మొక్క కాదు ఇది.

రెండో ఇంట్లో నీరియం గోడవారగా ఉంది, పక్కన ఆవు దొడ్డి. ఇక్కడ ఆలోచించాల్సింది మొక్క గురించి కన్నా దాన్ని కత్తిరించిన రోజు కొమ్మలు ఎక్కడికి వెళ్తాయన్న దాని గురించి.

మూడో ఇంట్లో పచ్చగన్నేరు ఉంది, చిన్నపిల్లలున్నారు. "మాది గన్నేరు కాదు కదా, పచ్చగన్నేరు" అని వీళ్ళు నిశ్చింతగా ఉన్నారు. ముగ్గురిలో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది వీళ్ళకే. నీరియం గింజ గాలికి ఎగిరిపోతుంది. పచ్చగన్నేరు కాయ కింద రాలి, నల్లగా మెత్తబడి, తినే పండులాగే కనిపిస్తుంది, లోపలి టెంక గోలీలా చేతికి బాగా పట్టుబడుతుంది. విషం ఎక్కువగా ఉండేది ఆ టెంకలోని పప్పులోనే.